మందు తప్పంటూనే మద్యనిషేధం వద్దనొచ్చా?

మీరడిగింది క్లుప్తంగా ఇదీ. మీ ఇంట్లో ఎవరూ తాగరు, తాగడం తప్పని మీరు నమ్ముతారు, పిల్లలకీ అదే చెప్తారు. కానీ సంపూర్ణ మద్యనిషేధం మళ్ళీ పెట్టాలా అని బంధువుల మధ్య చర్చ వస్తే మీరు వద్దన్నారు. దాంతో మీ మేనమామ గారు "తప్పని నమ్మేవాడివి ఆపమంటే వద్దంటావేంట్రా, అంటే నీ నీతులన్నీ పైపైవేనా" అని నలుగురిలో నిలదీశారు. దీనికి తోడు మీ కాలనీలో బడి దగ్గరున్న వైన్ షాపు తీసెయ్యమని అర్జీ తిరుగుతోంది. సంతకం పెడితే మీ మాటకి మీరే అడ్డం తిరిగినట్టవుతుందేమోనని మీ టెన్షన్.

నేను 1990ల మొదట్లో ఒక చిన్న పట్టణంలో క్రిమినల్ ప్రాక్టీసు మొదలుపెట్టాను, ఈమధ్యే తగ్గించుకున్నాను. నేనూ తాగను. తాగడం మంచిదని ఎప్పుడూ అనుకోలేదు, తాగి ఇల్లు గుల్ల చేసుకున్నవాళ్ళని మీకంటే నేనే ఎక్కువమందిని చూసి ఉంటాను, అది వృత్తి వల్ల వచ్చిన పరిచయం. అయినా నిషేధం గురించి మీ అభిప్రాయమే నాది. కాకపోతే మీరు చెప్పిన కారణం (ఎవరిష్టం వాళ్ళది అన్నారు కదా) నాకు సరిపోదు, దాని సంగతి చివర్లో చెప్తాను.

మీ మామయ్య గారు రెండు ప్రశ్నల్ని కలిపి ఒకటిగా అడిగారు. తాగడం తప్పా అనేది మనిషి ఎలా బతకాలన్న ప్రశ్న. దాన్ని ప్రభుత్వం ఆపాలా అనేది ప్రభుత్వం ఏం చెయ్యాలి, ఎవరి చేత చేయించాలి, ఎవరి మీద చేయించాలి అన్న ప్రశ్న. మొదటిదానికి మీ మనస్సాక్షి, మీ పెంపకం, మీ మతం ఏదో ఒకటి జవాబు చెప్తుంది. రెండోదానికి అవి చాలవు. స్టేషన్లో ఏం జరుగుతుందో, కోర్టులో కేసు ఎన్నేళ్ళు నడుస్తుందో, జైలుకి ఎవరు పోతారో, ఎవరు పోరో అదంతా తెలిసి ఉండాలి. మొదటి ప్రశ్నకి అవునని, రెండోదానికి కాదని చెప్పడంలో ఏ వైరుధ్యమూ లేదు. రోజూ చేస్తున్నదే అది. ఆపదలో ఆదుకున్నవాణ్ణి పైకొచ్చాక పలకరించకపోవడం తప్పే కదా, దానికి సెక్షన్ పెట్టాలని ఎవరూ అనరు. ముసలి తల్లిదండ్రుల్ని వదిలేస్తే 2007లో వచ్చిన చట్టం ప్రకారం ట్రిబ్యునల్‌కి వెళ్ళి నెలకి ఇంత ఇమ్మని ఆర్డర్ తెచ్చుకోవచ్చు. పూర్తిగా వదిలేస్తే అదే చట్టంలో శిక్ష కూడా ఉంది. చట్టం చెయ్యగలిగింది అంతవరకే. వారానికోసారి వచ్చి అమ్మ దగ్గర కూర్చోమని ఆ చట్టంలో లేదు, ఉన్నా కూర్చునేది ఆ అమ్మకి అక్కర్లేని మనిషి.

తిరగేసి చూసినా అంతే. హెల్మెట్ లేకుండా బండి నడపడం పాపమని నేననుకోను. అయినా ఆ ఫైన్ ఉండాలంటాను. అంటే నీతి లేకుండా చట్టాన్ని సమర్థించొచ్చు, చట్టం అడగకుండా నీతిని నమ్మొచ్చు. రెండూ కలిసే చోట్లు చాలా ఉన్నాయి, అందుకే అవి ఒకటేనని మనకి అనిపిస్తుంది.

ఇక్కడ మీ మామయ్య గారు తప్పకుండా అడిగేది "అలాగైతే హత్య కూడా తప్పే, దానికీ చట్టం వద్దంటావా" అని. మంచి ప్రశ్నే. హత్యలో, దొంగతనంలో, మోసంలో ఒక బాధితుడు ఉంటాడు, లేదా వాడి తాలూకు మనిషి ఉంటాడు, వాళ్ళే స్టేషన్ మెట్లెక్కి ఫిర్యాదు ఇస్తారు. సాక్ష్యం చెప్పడానికి వాళ్ళకి పట్టుదల ఉంటుంది. సారా అమ్మకంలో అమ్మినవాడికి డబ్బు ముట్టింది, కొన్నవాడికి సరుకు ముట్టింది, ఇద్దరూ ఫిర్యాదు చెయ్యరు. మరి కేసు ఎలా పుడుతుంది? ఎవరో ఒకరు సమాచారం ఇవ్వాలి, రెయిడ్ జరగాలి. సమాచారం ఎవరి మీద వస్తుంది, రెయిడ్ ఎవరింటి మీద జరుగుతుంది అన్నదాంట్లోనే మొత్తం కథంతా ఉంది.

ఒక మామూలు సారా కేసు ఎలా ఉంటుందో చెప్తాను, ఏ ఒక్కరిదీ కాదు, నేను చూసిన ఫైళ్ళలో ఎక్కువ భాగం ఇలాగే ఉండేవి. ప్లాస్టిక్ క్యాన్‌లో కొన్ని లీటర్ల నాటుసారా, లేదా పొలం గట్టున డ్రమ్ములో బెల్లం ఊట. ముద్దాయి యాభై దాటిన ఆడమనిషి, భర్త పోయినవాళ్ళే ఎక్కువ. పంచనామా మీద ఇద్దరు మధ్యవర్తుల సంతకాలు, ఆ ఇద్దరి పేర్లే నిరుడు ఇంకో కేసులోనూ ఉంటాయి, వచ్చే ఏడాది కేసులోనూ ఉంటాయి. ఊట అక్కడే పారబోసి శాంపిల్ సీసా సీలు వేసి పంపిస్తారు, కెమికల్ ఎగ్జామినర్ రిపోర్టు కోసం నెలల తరబడి వాయిదాలు. ఆవిడ వాయిదా వాయిదాకీ కూలి పోగొట్టుకుని బస్సెక్కి వచ్చి వరండాలో కూర్చుంటుంది. ష్యూరిటీ ఇచ్చేవాడికి డబ్బు, గుమస్తాకి డబ్బు, మాకూ డబ్బే, దాచుకోవడమెందుకు. చివరికి మధ్యవర్తులు సాక్ష్యంలో అడ్డం తిరుగుతారు, కేసు కొట్టేస్తారు. లేదా ఆవిడే విసిగిపోయి నేరం ఒప్పుకుని ఫైన్ కట్టేస్తుంది. ఆ ఫైన్ డబ్బు ఎక్కడిదంటారా, మళ్ళీ ఇంకో క్యాన్. ఊటకి బెల్లం బస్తాలు అప్పుగా పోసినవాడు, సారా పట్నానికి చేరవేసినవాడు ఆ ఫైళ్ళలో నాకు చాలా అరుదుగా కనిపించారు.

ఇదంతా చూశాక నేను సారా మంచిదని తేల్చుకోలేదు. ఆ సారా తాగి పోయినవాళ్ళ శవ పంచనామాలూ చదివాను. నేను తేల్చుకున్నదల్లా ఏమిటంటే, "ఇది ఆగాలి" అని మనం అన్నప్పుడు మన ఊహలో ఒక పెద్ద వ్యాపారి పట్టుబడతాడు, ఫైల్లోకి వచ్చేసరికి ఆ ముసలావిడ పట్టుబడుతుంది. నిషేధం కావాలా అన్న ప్రశ్న అడిగినప్పుడు నేను ఆలోచించేది ఆ రెండోదాని గురించి.

ఇప్పుడు మన రాష్ట్రం కథలోకి వద్దాం, ఎందుకంటే ఈ చర్చ ఎప్పుడు వచ్చినా "దూబగుంట ఆడవాళ్ళు సాధించలేదా" అంటారు. సాధించారు, సందేహం లేదు. కానీ వాళ్ళు సాధించింది ఏమిటో చాలామందికి సరిగ్గా గుర్తులేదు.

1980ల్లో ఉమ్మడి రాష్ట్రంలో సారా అమ్మించేది ఎవరనుకున్నారు? ప్రభుత్వమే. వారుణి వాహిని అని పేరు పెట్టి పాకెట్లలో సారా ఊరూరా చేర్చే ఏర్పాటు నడిచింది. వేలంపాటలు పెట్టి కాంట్రాక్టర్లకి ఇచ్చేవాళ్ళు. మంచినీళ్ళు అందని ఊళ్ళకి కూడా పాకెట్టు అందేది. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో వయోజన విద్య కార్యక్రమం జోరుగా సాగింది, రాత్రిబడుల్లో చదువుకునే వాచకంలో సారాకి ఎదురు తిరిగిన ఆడవాళ్ళ కథ పాఠంగా ఉండేది. ఆ జిల్లాలోని దూబగుంట ఆడవాళ్ళు, వాళ్ళలో రోశమ్మ గారు ముందుండి, ఆ పాఠాన్ని నిజం చేసేశారు. కొట్టు మూయించారు. అక్కణ్ణించి ఊరూరికీ పాకింది, 1992లో వేలంపాటలు జరగనివ్వకుండా అడ్డుకునేదాకా పోయింది. కోట్ల విజయభాస్కరరెడ్డి గారి ప్రభుత్వం ముందు నెల్లూరు జిల్లాలో 1993 ఏప్రిల్ 15 నుంచి, తర్వాత అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతా సారా ఆపేసింది.

వాళ్ళు అడిగింది ఏమిటి? మా మొగుళ్ళని జైల్లో పెట్టండని అడిగారా? లేదండీ. మా ఊళ్ళోకి మీరు తెచ్చి పెట్టిన కొట్టు మీరే తీసుకుపోండి అన్నారు. ప్రభుత్వాన్ని కొత్తగా ఒక పని చెయ్యమనడం కాదు అది, చేస్తున్న పని మానుకోమనడం. నా దృష్టిలో ఇది చాలా పెద్ద తేడా. ప్రభుత్వం జోక్యం చేసుకోవాలా వద్దా అని మనం వాదించుకుంటాం గానీ, అప్పటికే అది అమ్మకందారుగా మధ్యలో కూర్చుని ఉంది, దాన్ని లేవమన్నారు అంతే. తాగడం తప్పని నమ్మేవాడూ, తాగడం ఎవరిష్టం వాళ్ళదని నమ్మేవాడూ ఇద్దరూ ఆ డిమాండ్‌కి మద్దతు ఇవ్వొచ్చు. ఇచ్చారు కూడా. సాయంత్రం పాకెట్టు చింపేవాళ్ళలోనే కొందరు పొద్దున ఆడవాళ్ళ ఊరేగింపు వెనకాల నడిచేవాళ్ళు.

ఆ తర్వాత జరిగింది వేరే సంగతి. 1994 డిసెంబర్‌లో ఎన్టీఆర్ గారు గెలిచి వచ్చి, 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ నిషేధం అమల్లోకి తెచ్చారు. సారా ఒక్కటే కాదు, బ్రాందీ విస్కీ అన్నీ. అప్పుడు ప్రభుత్వం కొట్టు ఎత్తేసి ఊరుకోలేదు, తాగినవాడి వెంట, దాచినవాడి వెంట పోలీసుని పంపింది. మూడేళ్ళు కూడా నిలవలేదు, 1997లో చంద్రబాబు గారి ప్రభుత్వం ఎత్తేసింది. సరిహద్దు జిల్లాల్లో ఉన్నవాళ్ళకి ఆ రోజులు బాగా గుర్తుంటాయి. గోదావరి జిల్లా మధ్యలో యానాం ఉంది, అది పుదుచ్చేరి కిందికి వస్తుంది, మన చట్టం అక్కడ చెల్లదు. కర్ణాటక, మహారాష్ట్ర, ఒడిశా, తమిళనాడు నాలుగు వైపులా తెరిచే ఉన్నాయి. ఖజానాకి రాబడి పోయింది, సరుకు మాత్రం వస్తూనే ఉంది.

1993లో వచ్చినదానికీ 1995లో వచ్చినదానికీ వెనకున్న నీతి ఒకటే: మద్యం ఇళ్ళు కూలుస్తోంది. చర్యలు మాత్రం రెండు రకాలు. అందుకే "నిషేధానికి అనుకూలమా వ్యతిరేకమా" అని ఎవరైనా అడిగితే ముందు ఏ నిషేధం అని అడగండి.

మీ మామయ్య గారు చదువుకున్నవారైతే బీహార్ తీసుకొస్తారు, తీసుకురావాలి కూడా, ఎందుకంటే నా వాదనకి గట్టిగా అడ్డం వచ్చేది అదే. 2016 ఏప్రిల్ నుంచి అక్కడ సంపూర్ణ నిషేధం. అక్కడా ఆడవాళ్ళు అడిగితేనే నితీశ్ కుమార్ మాటిచ్చారు. 2024లో ఒక పేరున్న వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనం, ఈ నిషేధం వల్ల రోజూనో వారంవారమో తాగేవాళ్ళ సంఖ్య సుమారు 24 లక్షలు తగ్గిందని, భర్త చేతిలో హింసకి గురయ్యే కేసులు 21 లక్షలు తగ్గాయని అంచనా కట్టింది. అది చిన్న విషయం కాదు. నిషేధాలు ఎక్కడా పనిచెయ్యవని అడ్డంగా కొట్టిపారేసేవాళ్ళు ఈ అంకెల్ని దాటవేస్తారు, నేను దాటవెయ్యను. ఆ 21 లక్షల్లో ఒక్క ఇంట్లో మనం ఉంటే వేరే మాట వినబుద్ధి కాదు.

అయితే అదే చట్టం మొదటి రూపంలో ఏముందో కూడా చూడాలి. ఇంట్లో సీసా దొరికితే ఆ ఇంట్లోని పెద్దవాళ్ళందరికీ తెలిసే ఉంటుందని అనుకోమన్నారు, తెలియదని నిరూపించుకోవాల్సింది వాళ్ళే. ఊరి మొత్తం మీద సామూహిక జరిమానా వెయ్యొచ్చన్నారు. 2018లో, 2022లో సవరించి మెత్తబరుచుకుంటూ వచ్చారు, ఇప్పుడు మొదటిసారి తాగి దొరికితే జరిమానా కట్టి బయటపడొచ్చు. ఈలోగా కోర్టులు ఎంత నిండిపోయాయంటే, 2021 డిసెంబర్‌లో విజయవాడ వచ్చినప్పుడు అప్పటి సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి, మన జస్టిస్ ఎన్.వి. రమణ గారు, ముందుచూపు లేకుండా చేసే చట్టాలకి ఉదాహరణగా దాన్నే చెప్పారు. ఆ కేసుల వల్ల పాట్నా హైకోర్టులో మామూలు బెయిల్ పిటిషన్ తేలడానికే ఏడాది పడుతోందన్నారు. ఆ ఏడాది జైల్లో ఉన్నవాడు కూలివాడైతే వాడి పెళ్ళాం పిల్లలు ఏం తిన్నారు? ఏ ఆడవాళ్ళ కోసం చట్టం తెచ్చామో వాళ్ళే కదా. ఇంకోపక్క 2022 డిసెంబర్‌లో సారణ్ జిల్లాలో కల్తీ సారా తాగి పదుల సంఖ్యలో చచ్చిపోయారు.

కాబట్టి బీహార్ ఉదాహరణ నిషేధం దండగని చెప్పదు, గొప్పదనీ చెప్పదు. దెబ్బలు తగ్గడం ఒక పక్క, జైళ్ళు, కల్తీ చావులు ఇంకో పక్క పెట్టుకుని తూచమంటుంది. తూచి మీ మామయ్య గారు అటు మొగ్గితే నేను గౌరవిస్తాను, నిజంగా. నేను ఒప్పుకోనిది ఒక్కటే, తూచడం ఎందుకు, తప్పు కాబట్టి ఆపాల్సిందే అనే మాట.

ఎవరి నీతి అన్నది ఇంకో చిక్కు. రాజ్యాంగంలో 47వ అధికరణం మత్తు పానీయాల నిషేధానికి రాజ్యం ప్రయత్నించాలని చెప్తుంది, మీ మామయ్య గారి దగ్గర ఇదీ ఉండొచ్చు. అది ఆదేశిక సూత్రం, కోర్టుకెళ్ళి అమలు చెయ్యమని పట్టుబట్టడానికి లేదు. దాని మీద 1948 నవంబర్‌లో రాజ్యాంగ సభలో చర్చ జరిగితే ఆదివాసీ నాయకుడు జైపాల్ సింగ్ ముండా లేచి గట్టిగా అడ్డం చెప్పారు. బియ్యంతో చేసే మద్యం లేకుండా మా ఆదివాసీలకి పూజ లేదు, పండగ లేదు, ఇది మా మతం మీదికి రావడమే అన్నారు. మన ఏజెన్సీలో ఇప్పసారా సంగతి తెలిసినవాళ్ళకి ఆ మాట ఎక్కడ తగులుతుందో తెలుస్తుంది. దానికి అంబేద్కర్ గారి జవాబు కూడా ఇది ఆదేశిక సూత్రమేనని, అమలు చెయ్యాలా, ఎప్పుడు చెయ్యాలి అన్నది రాజ్యానికీ ప్రజాభిప్రాయానికీ వదిలేశామని. అంటే రాజ్యాంగం రాసినవాళ్ళే నమ్మకాన్నీ అమలునీ ఒక్క గాటన కట్టలేదు. గుజరాత్‌లో 1960లో రాష్ట్రం పుట్టినప్పటి నుంచీ నిషేధమే, కానీ ఆరోగ్యం పేరుతో పర్మిట్లున్నాయి, 2023 చివర్లో గిఫ్ట్ సిటీలో (గాంధీనగర్ దగ్గర ఆర్థిక సంస్థల కోసం కట్టిన నగరం) పనిచేసేవాళ్ళకీ వచ్చేవాళ్ళకీ సడలింపు ఇచ్చారు. నీతి అందరికీ ఒకటే అయినప్పుడు పర్మిట్టు కొందరికే ఎందుకో నాకు అర్థం కాదు, అది వేరే గొడవ.

"చట్టం లేకపోతే జనం మారతారా" అని కూడా అంటారు. వితంతు వివాహం తీసుకోండి. చట్టం 1856లోనే వచ్చింది. రాజమహేంద్రవరంలో వీరేశలింగం గారు మొదటి పెళ్ళి చేయించింది 1881 డిసెంబర్ 11న. పాతికేళ్ళు ఆ చట్టం మన దగ్గర కాయితం మీదే ఉంది. ఆ చట్టం ఎవరినీ బలవంతపెట్టలేదు, చేసుకున్నవాళ్ళ పెళ్ళి చెల్లుతుంది, పిల్లలకి హక్కులుంటాయి అని దారి మాత్రం తెరిచింది. ఆ దారిలో నడిపించడానికి ఊళ్ళో వెలి భరించి, తిట్లు తిని, పెళ్ళివారిని ఇంట్లో పెట్టుకుని కాపాడే మనుషులు కావాల్సి వచ్చింది. అదే సమయంలో ఆ చట్టం లేకపోతే వీరేశలింగం గారు చేయించిన పెళ్ళిళ్ళకి నిలకడ లేదు. రెండూ కావాలి, కానీ ఒకదాని పని ఇంకోటి చెయ్యదు. మా ఇంట్లో అలాంటి పెళ్ళి చెయ్యం, కానీ చేసుకునేవాళ్ళని చట్టం ఆపకూడదు అని ఆ రోజుల్లో ఒక పెద్దమనిషి అనుంటే అతన్ని కపటి అంటామా? సంకుచితుడంటే అనండి, కపటి కాదు.

వ్యతిరేక ఉదాహరణ కావాలంటే సంక్రాంతికి భీమవరం చుట్టుపక్కలకి వెళ్ళండి. కోడిపందేలు చట్టవిరుద్ధం, హైకోర్టు ఆర్డర్లున్నాయి, ఏటా పోలీసుల హెచ్చరికలుంటాయి, ఏటా బరులు సిద్ధమవుతాయి. జనం తప్పనుకోని దాన్ని నేరమంటే ఎలా ఉంటుందో అక్కడ కనిపిస్తుంది. కట్నం ఇంకా విచిత్రం. 1961 నుంచి నేరం, అడిగితే అందరూ తప్పే అంటారు, చట్టం ఉండాలనీ అంటారు, పెళ్ళి కుదరగానే "ఏదో మర్యాదకి" అని మొదలుపెడతారు. మీ మామయ్య గారు వెతుకుతున్న కపటం అసలు ఇక్కడుంది. తప్పని చెప్పి, చట్టం కావాలని చెప్పి, తన దాకా వచ్చేసరికి తీసుకునేవాడు కపటి. తాను మానేసి, ఇంకొకడి మీదికి పోలీసుని పంపడానికి వెనకాడేవాడు కాదు.

ఇప్పుడు మీరు చెప్పిన కారణం దగ్గరికి వస్తాను. "ఎవరిష్టం వాళ్ళది" అన్నారు. మద్యం విషయంలో అది సగమే నిజం. తాగినవాడి జేబులో డబ్బు వాడొక్కడిదే కాదు, వాడి చేతిలో దెబ్బ వాడికి తగలదు. నిషేధం వద్దన్నంత మాత్రాన ప్రభుత్వం చేతులు కట్టుకోవాలని కాదు, మన చర్చల్లో ఇదే ఎప్పుడూ జారిపోతుంది. కొట్టే భర్త మీద 2005 గృహహింస చట్టం ఉంది, ఆమె ఫిర్యాదు మందు మీద కాదు, దెబ్బ మీద. అక్కడ రక్షణ ఉత్తర్వు త్వరగా వచ్చేలా చూడమని అడగొచ్చు. తాగి బండి నడిపితే పట్టుకోమని అడగొచ్చు. మానాలనుకునేవాడికి ప్రభుత్వాసుపత్రిలో డీఅడిక్షన్ వార్డు, మందులు, కౌన్సిలర్ ఉండాలని అడగొచ్చు. నా దగ్గరికి వచ్చిన ఎంతోమంది భార్యలు మొదట అడిగేది అదే: "అయ్యా, ఈయన్ని మాన్పించే చోటేదైనా ఉందా". బెల్టుషాపుల్ని మూయించమని అడగొచ్చు, అవి ఇప్పటికే చట్టవిరుద్ధం, కొత్త చట్టమే అక్కర్లేదు.

అన్నింటికంటే ముందు ప్రభుత్వాన్ని దాని నడవడి గురించి అడగాలి. 2023లో తెలంగాణలో 2,620 మద్యం దుకాణాల లైసెన్సులకి లక్షా ముప్పై వేలకి పైగా దరఖాస్తులు వచ్చాయి, ఒక్కో దరఖాస్తుకి తిరిగివ్వని ఫీజు రెండు లక్షలు, ఒక్క సీసా అమ్మకముందే ఖజానాకి 2,600 కోట్లు దాటి జమ. ఆంధ్రలో 2019 తర్వాత దశలవారీ నిషేధం అంటూ ప్రభుత్వమే దుకాణాలు నడిపింది, 2020 మేలో ధరలు 75 శాతం పెంచింది. ధర పెంచితే మానతారన్నది లెక్క. కొంతమంది తగ్గించి ఉండొచ్చు, కొంతమంది తెలంగాణ నుంచి తెప్పించుకున్నారు, అదే ఏడాది జూలై నెలాఖర్లో ప్రకాశం జిల్లా కురిచేడులో శానిటైజర్ తాగి పదిమందికి పైగా పోయారు. 2024 అక్టోబర్‌లో మళ్ళీ ప్రైవేటు దుకాణాలు వచ్చాయి. ఏ పార్టీ అయినా మేడ మీద నుంచి నీతి, కింద కౌంటర్లో సీసా. నేను ఏ ఒక్కరినీ అనడం లేదు, ఈ డబ్బు లేకుండా జీతాలివ్వగల ప్రభుత్వం రెండు రాష్ట్రాల్లోనూ నాకు కనపడదు.

ఇంకో అంకె, నాకు ఎప్పుడూ ఆశ్చర్యంగా ఉండేది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 ఏళ్ళు దాటిన మగవాళ్ళలో తాగుతామని చెప్పినవాళ్ళు తెలంగాణలో సుమారు 43 శాతం, ఆంధ్రలో 23. 2014 దాకా ఒకే ప్రభుత్వం, ఒకే ఎక్సైజ్ చట్టం, నిషేధం పెట్టినా ఎత్తేసినా ఇద్దరికీ ఒకేసారి. అయినా దాదాపు రెట్టింపు తేడా. (సర్వేలో నిజం ఎవరు ఎంత చెప్తారన్న అనుమానం నాకూ ఉంది, ఆంధ్రవాళ్ళు ఇంకాస్త ఎక్కువ దాస్తారేమో.) దావత్ అంటే ఏం ఉండాలి, పండక్కి చుట్టాలొస్తే ఏం పెట్టాలి, ఏది పరువు తక్కువ అన్న అలవాట్లు చట్టం కంటే బలంగా పనిచేస్తాయి. మీ నమ్మకానికి పనుండేది అక్కడ. మీ ఇంటి పెళ్ళిలో మందు టేబుల్ పెట్టననడం, పెడితే వస్తామన్న చుట్టాలతో మొహమాటపడకపోవడం, దాన్ని ఏ ఎక్సైజ్ సీఐ వచ్చీ మీ తరఫున చెయ్యలేడు.

మామయ్య గారితో ఇదంతా చెప్పకండి, వినరు. "మామయ్యా, నేను తప్పనే అంటున్నాను, ఎవరిని జైల్లో పెట్టాలో, ఎన్నాళ్ళో మీరు చెప్పండి, అప్పుడు మాట్లాడుకుందాం" అనండి. ఆయన పెద్ద సిండికేట్ల పేర్లు చెప్తే ఒప్పుకోండి, మీరిద్దరూ అప్పటికే ఒకే వైపున్నారు.

అర్జీ మీద సంతకం మాత్రం నిరభ్యంతరంగా పెట్టండి. అది నిషేధం అడగడం లేదు, లైసెన్సు ఇచ్చిన ప్రభుత్వాన్ని తన నిబంధన తనే పాటించమంటోంది. మంచి తాగుబోతు కూడా దాని మీద సంతకం పెట్టొచ్చు, పెట్టించండి కూడా, నా అనుభవంలో అలాంటి సంతకాలు రెండు మూడుంటే అర్జీకి బరువొస్తుంది. కాకపోతే మీ వాళ్ళు రాసిన అర్జీలో "మద్యం సమాజానికి చేటు, కావున" అని ఉంటే ఆ వాక్యం తీసేయించండి, దానికి ఏ అధికారీ బదులు చెప్పనక్కర్లేదు. బడి గేటు నుంచి షాపు గేటుకి ఎన్ని మీటర్లో రాయండి. బడి, గుడి, ఆసుపత్రి నుంచి ఎంత దూరం ఉండాలో, ఆ దూరం ఎలా కొలవాలో మీ రాష్ట్ర ఎక్సైజ్ నిబంధనల్లో ఉంటుంది, అలాగే కొలవండి. హైవే పక్కనైతే 2016 డిసెంబర్ సుప్రీంకోర్టు తీర్పు, ఆపై దాని సవరణలు మీ పట్టణానికి ఎలా వర్తిస్తాయో ఒక లాయర్ని అడగండి. బడి వదిలే టైంలో షాపు ముందు గుంపు ఫోటోలు తేదీతో జతచెయ్యండి, హెడ్‌మాస్టర్ చేత ఒక లెటర్ రాయించండి. ఒక కాపీ జిల్లా ఎక్సైజ్ సూపరింటెండెంట్‌కి, ఒకటి కలెక్టర్‌కి ఇచ్చి రసీదు తీసుకోండి. నడుస్తున్న లైసెన్సుని మధ్యలో కదిలించడం కష్టం, కోర్టుకెళ్తారు. లైసెన్సు కాలం సాధారణంగా రెండేళ్ళు, అది ఎప్పుడు ముగుస్తుందో కనుక్కుని, కొత్త నోటిఫికేషన్ రాకముందే మీ కాయితం ఆఫీసులో ఉండేలా చూసుకోండి.